తాటిచెట్టు కొలతలో శంషాబాద్ వింతలు

మీటర్లు లెక్కకు అందుతాయి గానీ కంటికి ఆనవు. అందుకని ఈసారి మన కొలబద్ద తాటిచెట్టు. బాగా ఎదిగిన చెట్టు 60 అడుగులని ఖాయం చేసుకుందాం. ఆ కొలబద్ద పట్టుకుని శంషాబాద్‌లో మొదలుపెట్టి, పాతబస్తీ మీదుగా హుస్సేన్‌సాగర్ దాకా, ఓపికుంటే వైజాగ్ తీరం దాకా పోదాం. దారి పొడవునా పెద్దవి, చిన్నవి, పాతవి, బరువైనవి, వేగమైనవి బారులు తీరి ఉన్నాయి. చాలావాటికి టికెట్టు కొనాలి. కొన్నిటికి మెడ ఎత్తితే చాలు.

ఎత్తులో కిరీటం ముచ్చింతలది. శంషాబాద్ పక్కనే ఉన్న ఈ ఊళ్లో పద్మాసనంలో కూర్చున్న రామానుజాచార్యుల ఎత్తు, పీఠంతో కలిపి 216 అడుగులు. మూడు తాటిచెట్లు ఒకదానిపై ఒకటి నిలబెట్టి, ఇంకో సగం చెట్టు పెట్టినా ఆరడుగులు తక్కువే. భద్రవేదిక 54 అడుగులు, పద్మపీఠం 27, ఆపైన త్రిదండంతో సహా స్వామివారు 135. అన్నీ 27 ఎక్కంలో పడే అంకెలే, చూసుకోండి. చినజీయర్ స్వామి సంకల్పించిన ఈ సమతామూర్తిని 2022 ఫిబ్రవరి 5న ప్రధాని మోదీ ఆవిష్కరించారు. కూర్చున్న విగ్రహాల్లో దీన్ని ప్రపంచంలో రెండోదిగా చెబుతారు. మొదటిది థాయిలాండ్‌లోని ఆంగ్‌థాంగ్ బుద్ధుడు: 92 మీటర్లు, సరిగ్గా ఐదు తాటిచెట్లు. నిలబడ్డవాళ్లతో పోటీ పెట్టకండి. గుజరాత్‌లోని పటేల్ విగ్రహం 182 మీటర్లు, అంటే పది చెట్లు!

అతుకుల్లోనూ రికార్డు ఆయనదే. పంచలోహ విగ్రహాన్ని పోత పోసింది చైనాలోని నాన్‌జింగ్ నగరానికి చెందిన ఏరోసన్ సంస్థ. దాదాపు 1,600 భాగాలుగా సముద్రం దాటించి, ముచ్చింతలలో ఒక్కటిగా కూర్చారు. కూర్పుకే 15 నెలలు పట్టింది. ఇప్పుడు కింద నిలబడి చూస్తే ఒక్క అతుకూ కనపడదు.

అతుకే లేనిది కావాలా? హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుణ్ని చూడండి. 58 అడుగులు, ఒకే రాయి, 350 టన్నుల పైమాటే. తాటిచెట్టుకు రెండే అడుగులు తక్కువ. భువనగిరి దగ్గర రాయగిరిలో గణపతి స్థపతి బృందం చెక్కిన ఈ విగ్రహం 1990 మార్చి 10న పడవ మీద వెళుతూ నీళ్లలో జారిపోయింది. మనుషుల ప్రాణాలూ పోయాయి. రెండున్నరేళ్లకు పైగా చెరువు అడుగున ఉండి, 1992 డిసెంబరు 1న పీఠమెక్కింది. ఇంతకాలం నీటి కింద పడుకుని లేచిన ఇంత పెద్ద విగ్రహం ఇంకోటి ఉంటే చెప్పండి!

మళ్లీ ముచ్చింతలకు. బయటి మూర్తి ఎత్తులో పెద్దదైతే, లోపలి మూర్తి విలువలో పెద్దది. వేదిక లోపల ధ్యానమందిరంలో ఉన్న 54 అంగుళాల రామానుజుల విగ్రహానికి 120 కిలోల బంగారం పట్టింది. ఆయన 120 ఏళ్లు జీవించారన్న లెక్కకు, ఏడాదికి కిలో చొప్పున. దీన్ని ఆవిష్కరించింది రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్, పెద్ద విగ్రహం తర్వాత ఎనిమిది రోజులకు.

ఇక ఆ 54 అడుగుల వేదిక బోలుగా లేదు. అంతస్తుల్లో వేద డిజిటల్ లైబ్రరీ, పరిశోధన కేంద్రం, థియేటరు, రామానుజుల రచనలను వివరించే గ్యాలరీ. ఈ పద్ధతి ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ పాకింది. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న నిలిపిన అంబేడ్కర్ విగ్రహం 125 అడుగులు, పార్లమెంటు ఆకారంలో పీఠం 50. విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేడ్కర్ కూడా 125 అడుగులే, పీఠం మాత్రం 81. మొత్తం 206 అడుగులతో పీఠం పందెంలో విజయవాడదే గెలుపు. ముచ్చింతల ఇద్దరినీ దాటేసింది. నాకైతే పై విగ్రహం కన్నా కింది గదులే ముఖ్యం. సందర్శకుల కెమెరాలు మాత్రం పైకే చూస్తాయి.

పొడవులో మొనగాడు పడుకునే ఉన్నాడు. శంషాబాద్ విమానాశ్రయం పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. తాటిచెట్లను మొదలుకు తల ఆనించి పరుచుకుంటూ పోతే 233 పడతాయి. మొత్తం విమానాశ్రయం 5,495 ఎకరాలు. 2008 మార్చి 23న విమానాలు మొదలైన ఈ చోటు 2023-24లో రెండున్నర కోట్ల మంది ప్రయాణికులను దాటించింది.

ఆ రన్‌వే మీద వాలిన అతిథుల్లో అతి పెద్దది: ఆంటొనోవ్ ఏఎన్-225 మ్రియా. భారత గడ్డ మీద అది తొలిసారి కాలు మోపింది ఇక్కడే, 2016 మేలో. ఐరోపా నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు భారీ జనరేటరు మోసుకుపోతూ దారిలో ఆగింది. ఆరు ఇంజన్లు, 32 చక్రాలు. రెక్కల కొస నుంచి కొసకు 88.4 మీటర్లు, ఐదు తాటిచెట్లకు కాస్త తక్కువ. తోక ఎత్తు 18.1 మీటర్లు, ఒక నిండు తాటిచెట్టు. గాల్లోకి లేచేటప్పుడు 640 టన్నుల దాకా బరువు. మన హుస్సేన్‌సాగర్ బుద్ధుడిని వీపు మీద పెట్టుకున్నట్టు ఊహించుకోకండి. ఆయన 350 టన్నులు, దాని మోత రికార్డు 253 టన్నులే! సోవియట్ అంతరిక్ష నౌక బురాన్‌ను మోయడానికి కట్టిన ఈ విమానం ప్రపంచంలో ఒక్కటే పూర్తయింది. 1988 డిసెంబరు 21న ఎగిరి, 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంలో హోస్తొమెల్ దగ్గర కాలిపోయింది. శంషాబాద్‌లో ఆ వేళ దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇక ఏ మ్యూజియంలోనూ చూడలేనిదాన్ని చూసినట్టే.

విమానం దిగి ఊళ్లోకి బయల్దేరితే ఆరాంఘర్ దగ్గర ఎక్కే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మెహదీపట్నం దాకా 11.6 కిలోమీటర్లు. 2009 అక్టోబరులో తెరిచినప్పుడు దేశంలోకెల్లా పొడవైన ఫ్లైఓవర్. తాటిచెట్లు 634. లెక్కపెట్టేలోపు అయిపోతుంది.

ఫ్లైఓవర్ ఎక్కకుండా బహదూర్‌పురా వైపు తిరిగితే జూపార్కు దగ్గర సుధా కార్స్ మ్యూజియం. ప్రపంచంలో అతి పెద్ద మూడు చక్రాల సైకిల్ ఇక్కడి కె.సుధాకర్ కట్టిందే. 2005 జూలై 1న హైదరాబాద్‌లో తొక్కి చూపించి గిన్నిస్‌కెక్కారు. ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. పొడవు 37 అడుగుల 4 అంగుళాలు. ఒక్కో చక్రం 17 అడుగులు, అంటే ముగ్గురు మనుషులు ఒకరి తల మీద ఒకరు నిలబడ్డంత! 2010 నుంచి ఇక్కడ వంకాయ ఆకారంలో కారు, బర్గర్ కారు, క్రికెట్ బంతి కారు, కంప్యూటర్ కారు ఒకే కప్పు కింద ఉన్నాయి. తమాషా ఏమిటంటే ఇవి బొమ్మలు కావు. ఇంజను తిప్పితే కదులుతాయి. వేగం గురించి అడగకండి, వంకాయకు తొందరేముంది?

ఒక్క మనిషి కూడబెట్టిన సేకరణల్లో మనవాళ్లు గొప్పగా చెప్పుకునేది మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్. మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడో సాలార్‌జంగ్, 1912లో 23 ఏళ్లకే హైదరాబాద్ దివాన్ అయ్యాడు. రెండేళ్లకే పదవి వదిలేశాడు. పెళ్లి చేసుకోలేదు. 1949లో చనిపోయేదాకా చేసిన పని ఒక్కటే, కొనడం. 40 వేలకు పైగా కళావస్తువులు, వేలకొద్దీ రాతప్రతులు, ఇంకా ఎక్కువ పుస్తకాలు. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆయన నివాసం దివాన్‌దేవిడీలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. 1968లో ఇప్పటి భవనానికి మారింది. రోజుకు వంద వస్తువులు చూసినా ఏడాది చాలదు.

ఆ వేలల్లో జనం ఎక్కువ చేరేది ఒక గడియారం దగ్గర. కుక్ అండ్ కెల్వీ వారి సంగీత గడియారం, 350కి పైగా విడిభాగాలు. గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు గడ్డం మనిషి తలుపు తీసుకుని బయటికొస్తాడు. గంట కొట్టి లోపలికెళ్తాడు. కమ్మరివాడు మాత్రం సుత్తితో క్షణక్షణం కొడుతూనే ఉంటాడు. లెక్కేస్తే రోజుకు 86,400 దెబ్బలు. గడ్డం మనిషి రోజు మొత్తానికి కొట్టేది 156. జీతం ఎవరికి ఎక్కువ ఇవ్వాలో మీరే తేల్చండి. పన్నెండు దెబ్బల మధ్యాహ్నం వేళకు జనం ముందే వచ్చి చోటు పట్టుకుంటారు.

పలుచదనంలో ఛాంపియన్: మేలిముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ 1876లో పాలరాతిలో చెక్కాడు. మొదటి సాలార్‌జంగ్ రోమ్ వెళ్లినప్పుడు కొన్నాడు. ముఖం రాయే, ముఖం మీద ముసుగూ రాయే, ఆ ముసుగులోంచి ముఖం కనిపించడం మాత్రం మాయ. ఆ పక్కనే ఇంకో చమత్కారం. ఒకే కొయ్య దుంగకు ముందువైపు గర్వంగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తలొంచుకున్న మార్గరెట్టా. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఒక్క మనిషి ఒకే చూపులో ఇద్దరినీ చూస్తాడు. జర్మన్ కవి గ్యోథే నాటకంలోని పాత్రలివి, చెక్క సికమోర్. రెబెక్కా ముందు గుంపు, దీని ముందు పలుచన. నా ఓటు దీనికే.

బట్టల బీరువా పొడవులో పందెం ఉంటే కప్పు పురానీ హవేలీకి పోతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల కోసం హవేలీలో ఒక పక్క మొత్తం పొడవునా రెండంతస్తుల చెక్క బీరువా కట్టించారు. ప్రపంచంలోకెల్లా పెద్దదని చెబుతారు. పై అంతస్తు కోసం చేత్తో తిప్పే లిఫ్టు. కరెంటు అక్కర్లేదు, తిప్పే చేయి కావాలి. ఒకసారి తొడిగిన దుస్తులు ఆయన మళ్లీ తొడగలేదని జనం చెప్పుకుంటారు. కొడుకు ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది పూర్తిగా వేరే దారి. 1937 ఫిబ్రవరి 22న టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కిన ప్రపంచ కుబేరుడు, ఒకే టోపీతో ఏళ్లకేళ్లు గడిపాడన్న పేరు మూటగట్టుకున్నాడు.

అదే హవేలీలోని నిజాం మ్యూజియం 2000 ఫిబ్రవరిలో తెరిచారు. ఏడో నిజాం పాలన రజతోత్సవ కానుకలు చాలావరకు ఇక్కడే. అందులో అతి ఖరీదైన టిఫిన్ బాక్సు: మూడు గిన్నెలు, బంగారం, మధ్యలో వజ్రాలు, కెంపులు, పచ్చలు. 2018 సెప్టెంబరులో ఇద్దరు దొంగలు కప్పు వైపు నుంచి దిగి, దీన్నీ బంగారు కప్పు, సాసరు, చెంచానూ ఎత్తుకుపోయారు. రెండు వారాలు తిరక్కముందే ముంబై దారి పట్టినవాళ్లు దొరికారు. అప్పటిదాకా వాళ్లలో ఒకడు ఆ బాక్సులోనే భోంచేశాడని పోలీసులు చెప్పారు. నిజాం గారు అందులో ఒక్క పూటైనా తిన్నారో లేదో!

బరువులో చిన్నది, విలువలో పెద్దది ఇప్పుడు. జాకబ్ వజ్రం 184.75 క్యారెట్లు, గ్రాముల్లో 37 లోపు. ఆరో నిజాం కొన్న ఈ రాయి ఏడో నిజాంకు తండ్రి చెప్పు ముందు భాగంలో దొరికిందని, దాన్ని ఆయన కాగితాల మీద బరువుగా వాడాడని అందరూ చెప్పే కథ. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలు 173 కలిపి 218 కోట్ల రూపాయలకు కొన్నది. అవి ఉండేది రిజర్వు బ్యాంకు ఖజానాలో. 2001లో, 2006లో సాలార్‌జంగ్‌కు, 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంకు బయటికొచ్చాయి. చాలామందికి తెలియని విషయం, నిజాం గారి అతి పెద్ద వజ్రం గోల్కొండది కాదు. ఆఫ్రికా గనుల్లో పుట్టింది!

గోల్కొండవి ఎక్కడున్నాయంటే, కోహినూర్ 105.6 క్యారెట్లతో లండన్ టవర్‌లో. హోప్ నీలివజ్రం 45.52 క్యారెట్లతో అమెరికా స్మిత్‌సోనియన్ మ్యూజియంలో. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో తవ్వినదని చెప్పే ఈ నీలిరాయిని వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ 1958లో మ్యూజియానికి దానం చేస్తూ మామూలు రిజిస్టర్డ్ పోస్టులో పంపించాడు. మొత్తం ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు. అందులో అసలు తపాలా 2 డాలర్ల 44 సెంట్లే, మిగతాదంతా బీమా. ప్రపంచంలో అతి చవగ్గా ప్రయాణించిన వజ్రం ఇదేనేమో. పోస్ట్‌మాన్ తెచ్చి చేతికిచ్చాడు. అది పుట్టిన కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద.

ముసలితనంలో పోటీ గట్టిది. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో పడుకున్న ఈజిప్టు రాకుమారి నైషు వయసు రెండువేల ఏళ్లు దాటింది. దక్షిణ భారతంలో ఉన్న మమ్మీ ఇదొక్కటే అంటారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకు కొని మామగారింటికి కానుకగా ఇచ్చాడని, ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చేశాడని చరిత్ర. ఎక్స్‌రేలు, సీటీ స్కాన్‌లు కూడా చేయించుకుంది. హైదరాబాద్‌లో పరీక్షలు చేయించుకున్న రోగుల్లో అందరికన్నా పెద్దావిడ.

నైషును పసిపిల్లను చేసేది నౌబత్‌పహాడ్ మీద ఉంది. బిర్లా సైన్స్ సెంటర్‌లో 1985 సెప్టెంబరు 8న ఎన్టీఆర్ ప్లానెటేరియం ప్రారంభించారు. 1990లో సైన్స్ మ్యూజియం, 2000లో డైనోసారియం చేరాయి. అక్కడ నిలబెట్టిన కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ పొడవు 44 అడుగులు, ఎత్తు 16, వయసు 16 కోట్ల సంవత్సరాలని మ్యూజియం లెక్క. గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర ఒక్కటి కాదు, కనీసం పన్నెండు జంతువుల ఎముకలు దొరికాయి. జియలాజికల్ సర్వేకు చెందిన పి.యాదగిరి 1988లో దీనికి పేరు పెట్టారు. అన్ని ఎముకలు దొరికినా తలకాయ దొరకలేదు, రెండు పళ్లు తప్ప! కాబట్టి మీరు మ్యూజియంలో చూసే తల ఊహించి పెట్టింది. దీని చుట్టం బారాపాసారస్ కూడా అదే గోదావరి రాళ్లలో దొరికి, కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరింది. దానికీ తల లేదు. మన గోదావరి డైనోసార్లకు తలల దగ్గరే ఏదో పేచీ.

అయినా వయసు కిరీటం దానిది కాదు. శంషాబాద్ చుట్టూ, పహాడీషరీఫ్ దారిలో కనిపించే గుండ్రాళ్లున్నాయే, ఆ గ్రానైటుది. సుమారు 250 కోట్ల సంవత్సరాలు. డైనోసార్ వయసును పదిహేనుసార్లు కూడినా ఇంకా వెనకే ఉంటుంది. టికెట్టు లేని మ్యూజియం. ఇందులో వస్తువుల్ని కంకరగా కొట్టి అమ్ముతున్నది మనమే.

అతి చిన్న ఛాంపియన్ పాత విమానాశ్రయం పక్కన. బేగంపేటలోని చిన్న భవనంలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి, సూక్ష్మదర్శిని కింద మలేరియా పరాన్నజీవి ఆనవాళ్లు చూశాడు. దోమల చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్న హుసేన్ ఖాన్ అనే రోగికి రాస్ ఇచ్చింది దోమకు ఒక అణా. ఆ అణాల మీద నిలబడ్డ పరిశోధనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. పేటెంటు లేదు, ప్రయోగశాల పెద్దదీ కాదు. దోమ మాత్రం అంతే ఉంది, ఇంకా కుడుతోంది.

దూరం చూడటంలో కిరీటం ఎవరిదంటే: 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన తర్వాత అది నిజామియా అబ్జర్వేటరీగా ప్రభుత్వానికొచ్చి, బేగంపేటకు మారింది. గ్రబ్ కంపెనీ 15 అంగుళాల దుర్బిణి, పక్కన ఆకాశాన్ని ఫొటో తీసే 8 అంగుళాల కెమెరా. ప్రపంచమంతటి అబ్జర్వేటరీలు ఆకాశాన్ని వాటాలేసుకుని పటం గీస్తే, మన వాటాకు వచ్చిన చుక్కలు లక్షల్లో. ఒక్కొక్కటీ కొలిచి సంపుటాలుగా అచ్చేశారు. ఇందులో పనిచేసిన కాకుజి బాపు కొడుకే వేణు బాపు, హైదరాబాద్ కుర్రాడు. 1949లో తోకచుక్కను కనిపెట్టి, 1979 నుంచి అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. తమిళనాడు కావలూరులో ఆయన పేరున్న దుర్బిణి అద్దం 2.34 మీటర్లు.

శంషాబాద్ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే జాపాల్-రంగాపూర్ ఉంది. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అక్కడ 48 అంగుళాల దుర్బిణి నిలిపింది. నిజామియా దుర్బిణికి మూడింతలకు పైగా. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి దేశదేశాల శాస్త్రవేత్తలు ఆ ఊరికి వచ్చారు. మధ్యాహ్నం చీకటి పడింది. ఊళ్లవాళ్లు ఇళ్లలోకి వెళ్లారు, శాస్త్రవేత్తలు బయటికొచ్చారు.

చివరి మజిలీ, వైజాగ్ ఆర్కే బీచ్. ఐఎన్ఎస్ కుర్సుర జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు, ఐదు తాటిచెట్లు, ఏఎన్-225 రెక్కల కన్నా మూడు మీటర్లు ఎక్కువ. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. 75 మంది సిబ్బంది ఒంగి తిరిగే ఆ గొట్టంలో 73,500 నాటికల్ మైళ్లు, అంటే భూమిని మూడుసార్లు చుట్టి ఇంకా మిగిలినంత దూరం. 2002 నుంచి ఇసుక మీద మ్యూజియం. దాని ఎదురుగా రోడ్డు అవతల టీయూ-142 విమానం. ఫ్యాను రెక్కలతో ఎగిరే పెద్ద విమానాల్లో దీని వేగానికి సాటి లేదు, గంటకు 900 కిలోమీటర్ల పైమాట. మన నౌకాదళంలో ఈ రకం విమానాలు 29 ఏళ్లలో 30 వేల గంటలు ఒక్క ప్రమాదమూ లేకుండా ఎగిరాయి. ఇది 2017 డిసెంబరులో మ్యూజియం అయింది. నీటి అడుగున దాక్కునేది ఒకవైపు, దాన్ని పైనుంచి వెతికేది మరోవైపు. నడుమ బజ్జీల బండ్లు.

వెళ్లేవారికి ఒక మాట: సాలార్‌జంగ్, నిజాం మ్యూజియం రెండింటికీ శుక్రవారం సెలవు. గడియారం కోసమే వెళుతుంటే 11:45కల్లా కుర్చీ పట్టుకోండి. గడ్డం మనిషి ఆలస్యం చేయడు.